బోర్డు కంటే ముందు బీరువా: బడిలో ఆటగాళ్లను, పూర్వ విద్యార్థులను సన్మానించాలంటే

మా ఊరి జడ్పీ హైస్కూల్లో 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆర్డర్లలో 'స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ ఎడ్యుకేషన్' అని రాసినా విజయనగరం జిల్లాలో మమ్మల్ని ఇప్పటికీ డ్రిల్లు మాస్టారనే పిలుస్తారు. బడిలో పేరు తెచ్చిన పిల్లల కోసం ఇప్పటిదాకా రెండు బోర్డులు పెట్టించాం. మొదటిది చెడగొట్టుకున్నాం, రెండోది నిలిచింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎవరైనా ఫోన్ చేసి "మాస్టారూ, మేమూ ఒక సన్మానం పెట్టుకుంటున్నాం, ఎక్కడ మొదలెట్టమంటారు?" అని అడిగితే ఒకటే చెబుతాను. శాలువాల కొట్టుకి పోకండి, ముందు ఆఫీసు రూములో బీరువా తెరిపించండి.

బీరువాలో ఉండేది అడ్మిషన్ రిజిస్టరు. హెచ్‌ఎం గారికి కాగితం మీద అర్జీ పెట్టి, ఆయన సంతకం తీసుకుని, అక్కడే కూర్చుని చూడాలి. రిజిస్టరు బడి గేటు దాటకూడదు. పాతవాటిలో సిరా వెలిసిపోయి ఉంటుంది, అంచులు చెదలు తిని ఉంటాయి. పగలు కిటికీ దగ్గర పెట్టి కావలసిన పేజీలు ఫోన్‌తో ఫొటో తీసుకుంటే ఇంటి దగ్గర పెద్దవి చేసి చదువుకోవచ్చు.

అందరూ చేసే పొరపాటు పదో తరగతి పాసైన వాళ్ల జాబితా ముందేసుకోవడం. మేమూ అదే చేశాం. కానీ ఆటల్లో బాగా రాణించే పిల్లలు చాలాసార్లు మన బడిలో పది పూర్తిచేయరు. ఏడులోనో ఎనిమిదిలోనో స్పోర్ట్స్ స్కూలుకో హాస్టలుకో సెలెక్టయి టీసీ తీసుకుని వెళ్లిపోతారు. మన మైదానంలో మొదటిసారి పరిగెత్తిన పిల్ల పేరు మన పదో తరగతి జాబితాలో ఎక్కడా కనిపించదు. అందుకని అడ్మిషన్ రిజిస్టరులో చివరి గళ్లు, టీసీ తేదీ, వెళ్లిన కారణం, ఒక్కొక్క వరుసా చదవండి. మాకు అలా నలుగురు దొరికారు. అందులో ఒకతను ఆర్మీలో చేరి సర్వీసెస్ జట్టుకి, అంటే త్రివిధ దళాల ఉమ్మడి జట్టుకి ఆడాడు. అతను మా బడి వాడని మా స్టాఫులో ఒక్కరికీ తెలియదు.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. మా వైపు పైడితల్లమ్మ పేరు పెట్టుకోని ఇల్లు ఉండదు. ఒకే క్లాసులో ముగ్గురు పైడిరాజులు, ఇద్దరు అప్పలనాయుళ్లు, ఇంటిపేరు కూడా ఒకటే. పేరొక్కటే పట్టుకుంటే పతకం ఒకడిది, శాలువా ఇంకొకడిది అవుతుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, అడ్మిషన్ నంబరు, ఈ మూడూ కలిస్తేనే మనిషి ఖాయం.

ఆడపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మొదటి బోర్డులో మేము చేసిన తప్పు ఇదే. రాష్ట్ర జట్టుకి కబడ్డీ ఆడిన మా విద్యార్థిని పేరు ఆమె వాట్సాప్‌లో ఎలా ఉంటే అలా, అంటే అత్తింటి ఇంటిపేరుతో రాయించేశాం. ప్రారంభం రోజు వాళ్లమ్మ వచ్చింది. ఆమెకు చదువు రాదు. మనవడి చేత బోర్డు చదివించుకుని నా దగ్గరకొచ్చి, "బాబూ, ఇది ఎవరి పిల్ల? మా ఇంటిపేరు ఏదీ?" అంది. గ్రౌండుకి క్యారియర్ పట్టుకొచ్చి, చీకటి పడేదాకా గోడ పక్కన కూర్చుని పిల్లని ఇంటికి తీసుకెళ్లిన మనిషి ఆవిడ. నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు బడిలో ఉన్నప్పటి పేరు పెద్ద అక్షరాల్లో, ఇప్పటి ఇంటిపేరు దాని కింద చిన్నగా వేయిస్తున్నాం. అదైనా ఆమెను అడిగాకే. ఎవరి పేరు వాళ్ల చేత తెలుగులో వాళ్ల చేతిరాతతోనే ఒక కాగితం మీద రాయించుకోండి. ల, ళ తేడాలు, దీర్ఘాలు, పొల్లులు అక్కడే తేలిపోతాయి. ఆ కాగితాన్నే చెక్కేవాడికి ఇవ్వండి. ఫోన్లో చెబితే తప్పులు పడతాయి.

తర్వాత చేయాల్సింది ఎవరు ఏం గెలిచారో తేల్చడం. ఊళ్లో 'నేషనల్ ప్లేయర్' అనే మాట చాలా చవక. స్కూల్ గేమ్స్‌లో మండలం, డివిజన్, జిల్లా, రాష్ట్రం, జాతీయం అని మెట్లు ఉంటాయి. సెలెక్షన్ ట్రయల్స్‌కి వెళ్లడం ఒకటి, జట్టులో ఉండడం ఒకటి, పతకం తేవడం ఇంకొకటి. మూడూ గౌరవించదగ్గవే, కానీ మూడింటినీ ఒకే మాటతో రాయకూడదు. సర్టిఫికెట్ చూడకుండా ఒక్క అక్షరం రాయించవద్దు. సర్టిఫికెట్ పోయిందంటే, ఆ రోజు జిల్లా పేజీలో పడిన పేపరు కటింగు, జట్టు గ్రూపు ఫొటో, అప్పటి పీఈటీ మాట, వీటిలో కనీసం రెండు కలవాలి. పాత సర్టిఫికెట్లు చూసేటప్పుడు జిల్లా పేరు దగ్గర తడబడకండి. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంతకుముందు ఆడినవాళ్ల కాగితాల మీద శ్రీకాకుళం అనో విశాఖపట్నం అనో ఉంటుంది. మా కమిటీలో ఒకాయన "ఇతను మన జిల్లా వాడే కాదు" అని ఒక పెద్దాయన పేరు కొట్టేయబోయాడు. 2022 ఏప్రిల్‌లో మళ్లీ జిల్లాలు విడిపోయాయి కదా, ఇంకో ముప్పై ఏళ్లకి మన తర్వాతి వాళ్లకీ ఇదే తికమక వస్తుంది. అందుకే బోర్డు మీద ఏ జిల్లా తరఫున ఆడారో కూడా వేయించండి.

ఎలా రాయాలో తెలియకపోతే మన పక్క జిల్లా మనిషినే నమూనాగా పెట్టుకోండి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి. "ఒలింపిక్ విజేత" అని రాసి వదిలేస్తే చదివే పిల్లాడికి ఏమీ తెలియదు. "సిడ్నీ ఒలింపిక్స్, 2000. వెయిట్‌లిఫ్టింగ్, మహిళల 69 కిలోల విభాగం. స్నాచ్ 110, క్లీన్ అండ్ జర్క్ 130, మొత్తం 240 కిలోలు. కాంస్యం" అని రాస్తే ఆ పిల్లాడు నిలబడి లెక్క వేసుకుంటాడు, తన బరువుతో పోల్చుకుంటాడు. విభాగం తప్పకుండా రాయాలి. వెయిట్‌లిఫ్టింగ్‌లో బరువు విభాగాలు 2018లో మారాయి, 2025లో మళ్లీ మారాయి. పరుగైతే దూరం, సమయం. కబడ్డీ, ఖోఖో అయితే జట్టు పేరు, ఏ స్థానంలో ఆడారో. అంకె లేని పొగడ్త ఒక్కటీ వద్దు. 'క్రీడారత్నం', 'మట్టిలో మాణిక్యం' లాంటివి ఫ్లెక్సీ షాపు వాడు ఉచితంగానే వేసి ఇస్తాడు, తీసుకోకండి.

ఇక బోర్డు దేనితో చేయించాలి? ఫ్లెక్సీ రెండు ఎండాకాలాలకి తెల్లబడిపోతుంది. నల్ల గ్రానైట్ మీద అన్ని పేర్లూ చెక్కిస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ, తప్పు పడితే దిద్దలేం, కొత్త పేరు చేర్చలేం. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ సంగతి మీకు తెలిసే ఉంటుంది, వెయిట్‌లిఫ్టర్ల ఊరని పేరు. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. కొద్ది రోజులకే, స్వర్ణం గెలిచిన నైజీరియా లిఫ్టర్ డోప్ పరీక్షలో దొరికిపోవడంతో సంతోషి పతకం రజతం అయింది. ఆ వారంలోనే ఎవరైనా తొందరపడి గ్రానైట్ మీద 'కాంస్యం' అని చెక్కించి ఉంటే ఏమయ్యేది? అందుకే మా రెండో బోర్డులో పైన బడి పేరు మాత్రమే రాతి మీద ఉంటుంది. కింద టేకు చెక్క, దాని మీద ఒక్కొక్కరికి ఒక్కో స్టీలు పలక, నాలుగు మూలలా స్క్రూలు. ఏది మారినా ఆ ఒక్క పలకే మారుతుంది. అంతా కలిపి మాకు 38 వేలయింది, అందులో సగం చెక్కకే పోయింది. ఎండ తగలని వరండాలో, ఆరో తరగతి పిల్లాడి కంటికి అందే ఎత్తులో పెట్టించాం. హెచ్‌ఎం గదిలో పెడితే ఎవరూ చూడరు.

ఎవరి పేరు పెట్టాలన్నది కమిటీకి వదలండి, కానీ నా అభిప్రాయం దాచుకోను. అమెరికాలో ఉద్యోగం ఒక్కటే అర్హత కాదు. బడికి డబ్బిచ్చిన వాళ్లకి దాతల బోర్డు వేరే గోడ మీద పెట్టండి, రెండూ కలపకండి. కలిపితే రెండేళ్లలో అది దాతల బోర్డే అవుతుంది. ఆటల వాళ్లతో పాటు తప్పెటగుళ్ల నృత్య బృందం నడిపిన మనిషి, సరిహద్దులో పనిచేసిన జవాను, మన ఊరి పీహెచ్‌సీలో ముప్పై ఏళ్లు పురుళ్లు పోసిన నర్సమ్మ కూడా మా బోర్డు మీద ఉన్నారు. పిల్లలకి ఆడడం నేర్పినవాళ్లూ ఉండాలి. మల్లయోధుడు కోడి రామమూర్తి గారి పేరు చెప్పగానే అందరికీ ఆయన గుండె మీద ఎక్కించుకున్న ఏనుగు గుర్తొస్తుంది. కానీ ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరినవాడు. అంటే పూర్వ విద్యార్థీ, డ్రిల్లు మాస్టారూ కూడా. మా వృత్తి వాళ్లం ఈ సంగతి కాస్త గర్వంగానే చెప్పుకుంటాం లెండి.

పేర్ల వరుస మాత్రం సంవత్సరాన్ని బట్టే. పదవిని బట్టీ వద్దు, పతకం రంగును బట్టీ వద్దు. సంవత్సరం వరుస అయితే ఎవరూ గొడవపడరు, నీ కులం నా కులం అన్న లెక్కలూ రావు. శిలాఫలకం మీద నాయకుల పేర్లు పెట్టకపోవడమే మంచిది. మొదటిసారి మేము పెట్టాం. ప్రారంభించిన వారి పేరు ఆటగాళ్ల పేర్లకి మూడింతలు పెద్దగా పడింది. తర్వాత ఎన్నికల కోడ్ వచ్చి ఆ గోడ మొత్తానికి ముసుగు వేశారు. నెలల తరబడి మా పిల్లల పేర్లు కూడా గుడ్డ కిందే ఉండిపోయాయి.

తేదీ సంగతి. ఆగస్టు 29, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. బడి నడుస్తుంటుంది కాబట్టి పిల్లలు ఉంటారు. కానీ హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నవాళ్లకి సెలవు దొరకదు. అందరూ రావాలంటే సంక్రాంతే. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, ఎవరూ ప్రయాణం పెట్టుకోరు, అంతా ఊళ్లోనే ఉంటారు. అయితే పొద్దున్న 7కి మొదలెట్టి 10కి ముగించాలి. ఆ తర్వాత ఇళ్లలో మాంసం ఉడుకుతుంటుంది, మీ ఉపన్యాసం వినేవాడు ఉండడు. సెలవుల్లో బడి తెరవడానికి హెచ్‌ఎం గారి అనుమతి ముందే తీసుకోండి.

పిలుపు ఫోన్‌లో కానివ్వకండి. ఇంటికి వెళ్లి, ఆడవాళ్లని బొట్టు పెట్టి పిలవండి. అప్పుడే ఇంకో సంగతి అడగాలి, "మీ పేరు బోర్డు మీద పెట్టడం మీకు ఇష్టమేనా?" అని. మోకాలు పోయి ఆట మధ్యలో ఆగిపోయిన ఒకబ్బాయి వద్దన్నాడు. రెండేళ్ల తర్వాత తనే ఫోన్ చేసి సరేనన్నాడు. కూలి పనికి వెళ్లే ఆమె ఒక రోజు పని మానుకుని రావాలి. బస్సు చార్జీ, ఆ రోజు కూలి ఒక కవర్లో పెట్టి, వేదిక మీద కాదు, పిలవడానికి వెళ్లినప్పుడే ఇంట్లో ఇచ్చి రండి.

ఆ రోజు చేయకూడని పని ఒకటి తప్పకుండా చెప్పాలి. మా మొదటి సభలో డెకరేషన్ కుర్రాళ్లు వరసగా ఉన్న ఫొటోలన్నిటికీ బంతిపూల దండలు వేసేశారు. చనిపోయిన ఇద్దరి ఫొటోల మధ్య బతికున్న మా వాలీబాల్ కెప్టెన్ ఫొటోకీ దండ పడింది. ఆయన నవ్వుకున్నాడు గానీ ఆయన భార్య ఏడుస్తూ వెళ్లిపోయింది. వాళ్లింటికి మూడుసార్లు తిరిగాను. దండలు, పళ్లెం, దీపం బాధ్యత ఆ ఫొటోల్లో ఎవరున్నారో తెలిసిన మనిషికే ఇవ్వండి. చనిపోయిన వాళ్ల కుటుంబాలకి ముందు వరసలో కుర్చీలు వేయండి.

సభ గంట చాలు. ఒక్కొక్కరి గురించి రెండు నిమిషాలు, అదీ వాళ్లతో ఆడిన వాళ్లెవరైనా చెప్పాలి. మిగతా సమయం గ్రౌండులోనే. ముందు రోజు సాయంత్రం సున్నంతో గీతలు వేయించి, కబడ్డీ కోర్టు తడిపి ఉంచండి. వచ్చిన ఆటగాళ్లు ఇప్పటి పిల్లలకి ఒక్కో పట్టు, ఒక్కో స్టార్టు చూపిస్తారు. శాలువా వేసినప్పుడు తల దించుకుని నిలబడిన మా కబడ్డీ అమ్మాయి కోర్టులోకి దిగి ఎనిమిదో తరగతి పిల్లని పట్టుకున్నప్పుడు వాళ్లమ్మ మళ్లీ ఆ గోడ పక్కనే కూర్చుని ఉంది.

సభ అయిపోయాక ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. ప్రతి పలకకీ ఒక పేజీ, అడ్మిషన్ నంబరు, ఏ ఆధారాలు చూశాం, ఎవరు సరిచూశారు, చేతిరాత కాగితం అంటించి. ఏటా జూన్‌లో, బడి తెరిచిన వారంలో, కొత్త పేర్లు ఉంటే కమిటీ చూడాలి. లేకపోతే లేవని రాసి సంతకం పెట్టాలి. మా బోర్డులో ఇంకా 22 ఖాళీ పలకలకి చోటుంది. విడి స్క్రూలు, స్క్రూడ్రైవర్, ఆ నోట్‌బుక్ మూడూ అదే బీరువాలో, అడ్మిషన్ రిజిస్టర్ల పక్కనే పెట్టించాను. తాళం ఒకటి హెచ్‌ఎం గారి దగ్గర, ఇంకోటి కొత్తగా వచ్చిన పీఈటీ దగ్గర ఉంది.