చెన్నైలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదవాలంటే: అర్హత, కాగితాలు, దరఖాస్తు

ఏటా జూన్ వచ్చిందంటే సూళ్లూరుపేట, గూడూరు వైపు నుంచి తెలిసినవాళ్లు ఫోన్ చేస్తుంటారు. "మా అమ్మాయి బీఎస్సీ అయిపోయింది. మెడ్రాసులో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీకి అప్లికేషన్ ఎక్కడ పెట్టాలండీ?" అని. అప్పటికే సగం చోట్ల గడువు అయిపోయి ఉంటుంది. చక్కగా చదివే పిల్లలు ఈ ఒక్క కారణంతో ఏడాది పోగొట్టుకోవడం చూస్తే మనసు కష్టంగా ఉంటుంది. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ, వాళ్ల అమ్మానాన్నలూ ఇది ఇప్పుడే చదివి పెట్టుకోండి.

ఫారం సంగతి తర్వాత. ముందు మార్కుల మెమోలు బయటికి తీయండి. చెన్నైలో ఈ కోర్సున్న చోట్లు చాలానే ఉన్నాయి. మెరీనా ఎదురుగా చేపాక్‌లో మద్రాసు విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్ శాఖ, అదే రోడ్డులో ప్రెసిడెన్సీ కాలేజీ, నుంగంబాక్కంలో లయోలా, తాంబరంలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. ఇక్కడి నోటిఫికేషన్లలో "స్టాటిస్టిక్స్ మెయిన్, లేదా మ్యాథ్స్ మెయిన్‌తో స్టాటిస్టిక్స్ అలైడ్" అనే తరహా మాట కనిపిస్తుంది. మెయిన్ అంటే ప్రధాన సబ్జెక్టు, అలైడ్ అంటే దానికి తోడుగా చదివే సబ్జెక్టు. మనవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. మన ఎంఎస్‌సీఎస్ గ్రూపులో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ మూడూ సమానం. మెయిన్, అలైడ్ అన్న తేడా మెమోలో ఎక్కడా ఉండదు. ఆంధ్రాలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి (ఒకే ప్రధాన సబ్జెక్టు) వచ్చింది కాబట్టి ఆ బ్యాచ్‌ల వాళ్లకు ఇబ్బంది తక్కువ. మిగతావాళ్లు మాత్రం ఏదో ఒక గడిలో టిక్కు పెట్టేసి ఊరుకోవద్దు. ఆరు సెమిస్టర్ల మెమోలు స్కాన్ చేసి, చదివిన స్టాటిస్టిక్స్ పేపర్ల పేర్లు రాసి, "నాకు అర్హత ఉందా" అని ఆ శాఖకే మెయిల్ పెట్టండి. వచ్చిన జవాబు ప్రింటు తీసి ఫైల్లో ఉంచుకోండి. రేపు సర్టిఫికెట్లు చూసేటప్పుడు ఎవరైనా అడిగితే అదే మీకు ఆధారం.

ఎంపీసీ చదివి స్టాటిస్టిక్స్ పేపరే లేనివాళ్లు నిరుత్సాహపడొద్దు. తెలుగు కుటుంబంలో పుట్టిన ప్రసిద్ధ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివింది గణితమే. 1941లో కలకత్తా వెళ్లి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు, 1943లో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. పూర్తిచేశారు. 102 ఏళ్ల వయసులో, 2023లో, ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ పురస్కారం వచ్చింది. గణితం గట్టిగా ఉన్నవాళ్లు ప్రవేశ పరీక్షల దారి చూసుకోవచ్చు. అయితే ఆ దారి మొదలయ్యేది జూన్‌లో కాదు, ముందటి సెప్టెంబరులో.

ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్లకు పెట్టే జామ్ పరీక్షకు దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరుల్లో తీసుకుంటారు, పరీక్ష ఫిబ్రవరిలో. మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపరు ఎంచుకోవాలి. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. చెన్నైలోనే రాయొచ్చు. ర్యాంకు వస్తే ఐఐటీ కాన్పూర్ లాంటి చోట్ల ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో చేరొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టాటిస్టిక్స్ పీజీ కోర్సైన ఎం.స్టాట్ ప్రవేశ పరీక్ష మామూలుగా మేలో ఉంటుంది, పొద్దున ఒక పేపరు, మధ్యాహ్నం ఒకటి. సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ డేటా సైన్స్ ఎమ్మెస్సీకి సొంతంగా ప్రవేశ పరీక్ష పెడుతుంది. వీటన్నిటికీ చివరి సెమిస్టర్ ఫలితాలు రాకముందే దరఖాస్తు చేసుకోవచ్చు.

చెన్నై కాలేజీల పద్ధతి వేరు. ప్రెసిడెన్సీ ప్రభుత్వ కాలేజీ కనుక తమిళనాడు ప్రభుత్వ కాలేజీల ఉమ్మడి పోర్టల్‌లో అప్లై చేయాలి. లయోలా, క్రిస్టియన్ కాలేజీలకు వాటి వెబ్‌సైట్లలోనే. ఎయిడెడ్ (ప్రభుత్వ సాయం ఉన్న) సీటా, సెల్ఫ్ ఫైనాన్స్ (ఆ సాయం లేని) సీటా అన్నది ఫీజు కట్టేముందే చూసుకోండి. రెంటికీ ఫీజులో చాలా తేడా ఉంటుంది.

ఇక పేరు. చిన్న విషయమే అనిపిస్తుంది కానీ, ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. తమిళనాడు ఫారాల్లో ఇనీషియల్‌కు ఒక గడి విడిగా ఉంటుంది. వాళ్లకు ఇనీషియల్ అంటే తండ్రి పేరులో మొదటి అక్షరం, మనకు ఇంటిపేరు. మా పక్కింటి వాళ్ల మేనల్లుడు ఆ గడిలో నాన్న పేరు అక్షరం వేశాడు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. మూడు కాగితాల్లో మూడు రకాలు. చేరేరోజు కౌంటర్ దగ్గర ఆపేశారు. ఈ పేర్లన్నీ తనవేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకుని వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. ఆ పూటంతా వాళ్లమ్మ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి.

రిజర్వేషన్ సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. తమిళనాడు కోటా 69 శాతం ఆ రాష్ట్రం వాళ్లకే. మన బీసీ-ఏ, బీసీ-డి సర్టిఫికెట్లు అక్కడ పనిచేయవు. ఓపెన్ కేటగిరీలో పోటీ పడాల్సిందే. జామ్, సీయూఈటీ లాంటి కేంద్ర పరీక్షలకు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ కేంద్రం ఇచ్చిన నమూనాలో. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకుని, మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెట్టేటప్పుడే "సెంట్రల్ ఓబీసీ" అని స్పష్టంగా చెప్పండి. ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నదే అడుగుతారు కాబట్టి నిరుటిది చెల్లకపోవచ్చు.

సీటు వచ్చాక కావలసినవి: పది, ఇంటర్ మెమోలు, డిగ్రీ మెమోలన్నీ, డిగ్రీ ప్రొవిజనల్ సర్టిఫికెట్, టీసీ, యూనివర్సిటీ మారేందుకు ఇచ్చే మైగ్రేషన్ సర్టిఫికెట్. వేరే రాష్ట్రం డిగ్రీ కాబట్టి మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలో ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ కూడా తీసుకోవాలి. మైగ్రేషన్ కోసం మీ పాత యూనివర్సిటీకి విడిగా ఫీజు కట్టి దరఖాస్తు పెట్టాలి, వారాలు పట్టొచ్చు. ఫలితాలు వచ్చిన మర్నాడే ఆ పని మొదలుపెట్టండి.

కోర్సు రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. ప్రాబబిలిటీ, ఎస్టిమేషన్, శాంప్లింగ్, మల్టీవేరియేట్ విశ్లేషణ, ప్రాక్టికల్స్, చివర్లో ప్రాజెక్టు. హాజరు 75 శాతానికి తగ్గకూడదు. శుక్రవారం మధ్యాహ్నమే ఊరికి రైలెక్కే అలవాటున్న పిల్లలకు ఇది మరీ గట్టిగా చెప్పండి. టీసీ ఒరిజినల్ కాలేజీకి ఇచ్చేసే ముందు దాన్ని రెండువైపులా ఐదు జిరాక్సులు తీసుకుని, ఒకటి ఇంట్లో ఉంచండి.