వైజాగ్‌లో ఇంటికి పెయింట్ ఎలా వేయించుకోవాలి, వేశాక ఎలా కాపాడుకోవాలి?

మన ఊళ్లో పెయింట్‌ని ఎండా వానా పాడుచేస్తాయి కానీ వాటికన్నా ఎక్కువ పాడుచేసేది ఉప్పుగాలి. నమ్మకం కుదరకపోతే పొద్దున్నే లేచి, మీది లాసన్స్ బే అయినా పెదవాల్తేరు అయినా, తూర్పు వైపు బాల్కనీ గ్రిల్ మీద వేలు పెట్టి రాయండి, జిగటగా తడితడిగా తగులుతుంది. అది వట్టి మంచు కాదు, గ్రిల్‌కి అంటుకున్న ఉప్పు గాల్లో తేమని లాక్కుని పట్టుకుంది. అదే పొర బయట గోడల మీద కూడా ఉంటుంది, కంటికి కనపడదు అంతే. దాన్ని కడగకుండా ఎంత ఖరీదైన ఎమల్షన్ (నీళ్లు కలిపి గోడకి వేసే రంగు) వేసినా కింద ఉన్న ఉప్పు తేమ లాగుతూనే ఉంటుంది, ముందు బొబ్బలొస్తాయి, తర్వాత పెచ్చులూడతాయి, అప్పుడు అందరూ కంపెనీని తిడతారు, పెయింటర్‌ని తిడతారు. నా లెక్కలో మాత్రం రంగు చిట్టచివరి పని. ముందు నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో ఆపాలి, ఆ తర్వాత ఉప్పు కడగాలి, గోడ ఆరాలి, అప్పుడు షేడ్ కార్డు తెరవాలి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సంక్రాంతికి ముందు ఊరంతా పెయింట్ పనులే, మేస్త్రీలు దొరకరు, దొరికినా నాలుగిళ్లు ఒకేసారి ఒప్పుకుని ఉంటారు. పైగా మనకి అక్టోబర్, నవంబర్ నెలలు తుఫాన్ల సీజన్, ఆ వానలకి నానిన గోడ పండగ లోపు లోపలిదాకా ఆరుతుందని గ్యారంటీ లేదు. అందుకే పండక్కి కావాలంటే లోపల గదులు వేయించుకోండి, బయట పని మాత్రం పండగ వెళ్లాక మొదలుపెట్టి మార్చి లోపు ముగించండి. ఏప్రిల్, మే నెలల్లో వేయకూడదని కాదు, కానీ వేడెక్కిన గోడ మీద వేస్తే పెయింట్ సరిగ్గా పరుచుకోకముందే ఆరిపోయి రోలర్ గీతలు కనిపిస్తాయి, కాబట్టి అప్పుడు పడమటి గోడ పొద్దున్న, తూర్పు గోడ మధ్యాహ్నం నుంచి, అంటే నీడ ఎటుంటే అటు పని జరగాలి.

కొత్త ఇల్లయితే ప్లాస్టరింగ్‌కి నీళ్లు కొట్టడం, ఆరడం అన్నీ కలిపి కనీసం 28 రోజులు వదలండి, ఇంకా ఎక్కువ వదిలితే ఇంకా మంచిది. పచ్చి సిమెంట్‌లో క్షారం ఎక్కువ ఉంటుంది, తొందరపడితే రంగు మచ్చలు మచ్చలుగా వెలిసిపోతుంది.

ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి

డాబా మీద నుంచి మొదలుపెట్టండి. నీళ్లు పోయే గొట్టం దగ్గర ఆకులు, మట్టి పేరుకుని ఉన్నాయా, పిట్టగోడ కింద అంచులో పగుళ్లు ఉన్నాయా, ట్యాంకు కింద ఎప్పుడూ తడిగా ఉంటోందా. పిట్టగోడ పగుళ్లలో రావి మొక్క కనపడితే పైన తుంచేసి వదిలేయొద్దు, మళ్లీ చిగురిస్తుంది. పగులు కొంచెం తెరిచి వేరుతో సహా తీయించి పూడ్పించాలి, ఎందుకంటే ఆ వేరు లావయ్యేకొద్దీ గోడనే చీలుస్తుంది. తర్వాత కిందకొచ్చి సన్‌షేడ్‌ల అడుగు భాగం చూడండి. ఎక్కడైనా ఉబ్బినట్టుంటే చిన్న సుత్తితో మెల్లగా కొట్టండి, బోలుగా డబడబ మోగితే లోపల కడ్డీ తుప్పు పట్టిందని అర్థం. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా ఎక్కువ జాగా తీసుకుంటుంది, అందుకే కాంక్రీట్‌ని బయటికి తోసేస్తుంది. దాన్ని పుట్టీతో, అంటే గోడ నున్నగా చేసే ముద్దతో, పూడ్చి పైన రంగేస్తే రెండేళ్లు తిరక్కుండా పెచ్చు ఎవరి నెత్తి మీదైనా పడుతుంది, ఈ మాట భయపెట్టడానికి అనట్లేదు, నిజంగా జాగ్రత్త పడాల్సిన విషయం. వదులుగా ఉన్న కాంక్రీట్ అంతా తీసేసి, కడ్డీని వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, తుప్పు ఆపే కోటింగ్ వేసి, పాలిమర్ కలిపిన సిమెంట్ మోర్టార్‌తో కట్టించాలి. కడ్డీ బాగా సన్నబడిపోయి ఉంటే మాత్రం అది పెయింటర్ పని కాదు, ఇంజినీర్‌ని పిలవండి.

కిటికీ ఫ్రేముకీ గోడకీ మధ్య సందులు కూడా చూడాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి తెలుసు, వాన పైనుంచి పడలేదు, పక్కనుంచి కొట్టింది. అలాంటి వానకి ఆ సన్న సందు చాలు. అక్కడ సీలెంట్ పెట్టించండి, కానీ సిలికాన్ వద్దు, దాని మీద పెయింట్ అంటదు. పెయింట్ వేయదగిన అక్రిలిక్ సీలెంట్ గానీ పీయూ (పాలీయురెథేన్) సీలెంట్ గానీ అని అడిగి తీసుకోండి.

లోపల గోడ చెమ్మగా ఉంటే ఆ చెమ్మ గోడలోంచి వస్తోందా, గదిలో గాలి తేమ వల్లా అన్నది తేల్చుకోవడానికి ఒక తేలిక పని ఉంది. అడుగు వెడల్పు పాలిథిన్ కవరు ముక్క తీసుకుని నాలుగు పక్కలా టేపుతో గోడకి అంటించి ఒక రోజు వదిలేయండి. కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచే వస్తోంది, అవతల బాత్రూమో పైపో బయటి పగులో ఉంటుంది, అది బాగు చేయించాకే మిగతావి. కవరు పైన, గది వైపు, తడి పడితే గాలి ఆడక వచ్చిన సమస్య.

కడగడం

ఇక్కడే మేస్త్రీతో చిన్న గొడవ వస్తుంది. "కడగక్కర్లేదండి బాబూ, ప్రైమర్ కొడితే అన్నీ మూసుకుపోతాయి" అంటాడు. ప్రైమర్ అంటే రంగుకి ముందు వేసే అడుగు పూత, దానితో ఏవీ మూసుకుపోవు. కూలి ఒక రోజు ఎక్కువైనా పర్లేదు, కడిగాకే పని అని ముందే మాట తీసుకోండి.

బయట గోడకి ముందు పొడిగా గోకించి ఊడే పెచ్చులన్నీ తీసేయాలి. పాచి, నల్ల మచ్చలు ఉన్నచోట లీటరు నీళ్లకి 50 గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరిన నీళ్లు బ్రష్‌తో పట్టించి అరగంట వదిలి రుద్దండి. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు ఉండాలి. బ్లీచింగ్‌లో యాసిడ్ గానీ బాత్రూమ్ క్లీనర్ గానీ పొరపాటున కూడా కలపొద్దు, విషవాయువు వస్తుంది. తర్వాత మంచినీళ్లతో పైనుంచి కిందకి, సముద్రం వైపు గోడ అయితే రెండుసార్లు, నైలాన్ బ్రష్‌తో రుద్దుతూ కడిగించండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడిగి లాభం లేదు, మున్సిపల్ నీళ్లు పట్టి ఉంచుకోండి. ప్రెషర్ వాషర్ అద్దెకి దొరికితే పని సులువవుతుంది కానీ పాత ప్లాస్టర్ మీద మరీ దగ్గర పెట్టి కొట్టనివ్వొద్దు, ఇసుకతో సహా లేచిపోతుంది. కడిగాక మంచి ఎండలో రెండు మూడు రోజులు ఆరాలి.

ఇంకో రకం ఉప్పు ఉంది, దాన్ని మాత్రం ఇలా కడగకూడదు. గోడ అడుగున తెల్లగా బూడిదలా పొంగుతుంది చూడండి, అది గాలి నుంచి వచ్చింది కాదు, ఇటుకలోనో ఇసుకలోనో నేలలోనో ఉన్న ఉప్పు చెమ్మతో పాటు పైకి వచ్చింది. దానికి నీళ్లు పోస్తే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, దులిపింది ఎత్తి పారేసి, చెమ్మ ఆగాక కొన్ని వారాలు చూసి, మళ్లీ పొంగకపోతేనే ప్రైమర్ వేయించండి.

పాత ఇళ్లలో, ముఖ్యంగా వన్‌టౌన్ వైపు, గోడ మీద సున్నం పొరలు పొరలుగా ఉంటుంది. సున్నం మీద ఎమల్షన్ నిలవదు, గట్టి గోడ వచ్చేదాకా గోకాల్సిందే, అడ్డదారి లేదు. పాత తలుపులు, గ్రిల్స్ మీద ఉన్న ఎనామెల్ (ఆయిల్ పెయింట్) విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. ఇళ్లకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదన్న రూల్ మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసినవాటిలో ఎంతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే అవి పొడిగా రుద్దించొద్దు, వాటర్ పేపర్‌తో (తడిపి వాడే ఎమరీ పేపర్) తడిపి రుద్దించండి, పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ రెండు రోజులు ఇంకో చోట ఉంచండి.

వేయడం

లోపల గోడలకి వరస ఇది: పగుళ్లు పూడ్చడం, ఒక కోటింగ్ ప్రైమర్, అవసరమైన మేర పుట్టీ, ఎమరీ పేపర్‌తో రుద్దడం, దుమ్ము తుడవడం, మళ్లీ ప్రైమర్, ఆ తర్వాత రెండు కోటింగ్‌ల ఎమల్షన్. కొత్త గోడకి వైట్ సిమెంట్ పుట్టీ అయితే దాన్ని తడిపిన ప్లాస్టర్ మీద నేరుగా పెడతారు, ప్రైమర్ పుట్టీ అయ్యాకే వేస్తారు. పుట్టీ పల్చగా రెండుసార్లు పెట్టాలి, ఒకేసారి మందంగా లాగేస్తే బీటలిస్తుంది. రాత్రిపూట గోడ పక్కన ఫోన్ టార్చ్ ఆనించి వెలుగు అడ్డంగా పడేలా చూడండి, ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి, అవి రంగు పడకముందే సరిచేయించాలి. కోటింగ్‌కీ కోటింగ్‌కీ మధ్య నాలుగు గంటలు అని డబ్బా మీద ఉంటుంది కానీ మన తేమకి ఆరు గంటలు ఇవ్వండి. నీళ్లు ఎంత కలపాలో కూడా డబ్బా మీదే ఉంటుంది, కలిపేటప్పుడు పక్కన నిలబడండి, తప్పేం లేదు.

బయట గోడకి మొత్తం పుట్టీ పెట్టించొద్దు. నున్నగా కనపడుతుందని కొందరు పెట్టిస్తారు, మన వానలకి అది చెమ్మ పీల్చి రంగుతో సహా ఊడొస్తుంది. పగుళ్లకి క్రాక్ ఫిల్లర్, ఆపైన ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒకటి, ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు, సముద్రం వైపు గోడకి వీలైతే మూడు. జ్ఞానాపురం, మల్కాపురం లాంటి పోర్టు పక్క ఏరియాల్లో నల్లటి దుమ్ము పడుతుంది కాబట్టి తెలుపు, క్రీమ్ మీద మనసు పెట్టుకోకండి, బూడిద రంగు షేడ్లు, దుమ్ము పట్టని రకం పెయింట్ నయం.

ఎంత పెయింట్ కావాలో మీరే లెక్క వేసుకోవచ్చు. 10 బై 12 గది, 10 అడుగుల ఎత్తు అనుకుంటే నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు, తలుపు కిటికీలకి ఓ 50 తీసేస్తే 390. రెండు కోటింగ్‌లకి లీటరు సుమారు 65 చదరపు అడుగులు వస్తుందనుకుంటే 6 లీటర్లు, సీలింగ్ వేరే. ఒక గోడకి కావలసినదంతా ఒకే బ్యాచ్ డబ్బాల్లో తీసుకోండి, లేదా అన్నీ పెద్ద బకెట్‌లో పోసి కలిపేయండి, లేకపోతే గోడ మధ్యలో రంగు తేడా తెలుస్తుంది.

గ్రిల్స్, గేటుకి తుప్పు మొత్తం పోయేదాకా రుద్ది, మంచినీళ్ల గుడ్డతో ఉప్పు తుడిచి, ఆరగానే అదే రోజు రెడాక్సైడ్ (ఇనుముకి వేసే ఎర్ర ప్రైమర్) కొట్టించాలి. రాత్రంతా వదిలేస్తే పొద్దునకి మళ్లీ ఎర్రబడుతుంది, ఈ ఊరి గాలి అలాంటిది. దాని మీద ఎనామెల్ రెండు కోటింగ్‌లు. చెక్క తలుపులకి పై అంచు, కింది అంచు కూడా పెయింట్ పడాలి, అవి కనపడవని వదిలేస్తారు, వానాకాలంలో తలుపు ఉబ్బి పట్టేయడం అక్కణ్ణుంచే మొదలు.

రెండో అంతస్తు దాటి పని ఉంటే తాడు, బెల్టు, హెల్మెట్ లేకుండా ఎవర్నీ ఎక్కనివ్వకండి, గాలి ఎక్కువున్న రోజు పని ఆపేయండి, పరంజా దగ్గర కరెంటు తీగలు ఉంటే ముందే లైన్ ఆపించండి. మన గోడ కోసం ఇంకొకరి ప్రాణం పణంగా పెట్టే హక్కు మనకి లేదు.

అపార్ట్‌మెంట్ వాళ్లకి ఒక మాట. లోపల ఒకే గోడకి ఏటా పుట్టీ పెట్టించుకుంటున్నారంటే తప్పు మీ గోడది కాదు, బయటి గోడది, దాన్ని అసోసియేషన్ మీటింగ్‌లో ఫోటోలతో సహా పెట్టండి. ఒక ఫ్లాట్ వాళ్లు ఎంత ఖర్చు పెట్టినా అది ఆగదు.

వేశాక చూసుకోవాల్సినవి

మే నెలాఖరుకి, వానలు మొదలవకముందే, డాబా మీద గొట్టాలు శుభ్రం చేయించండి. తుఫాను వెళ్లిన వారంలో సముద్రం వైపు గోడల్నీ గ్రిల్స్‌నీ మంచినీళ్లతో ఒకసారి కడిగేయండి, మామూలు రోజుల్లో గ్రిల్స్‌ని నెలకోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఏసీ నీళ్లు గోడ మీద కారుతుంటే ఒక్క సీజన్‌లో పచ్చటి చార పడుతుంది, పైపు పొడుగు చేసి గోడకి దూరంగా వదలండి. లోపల బీరువాలు గోడకి ఆనించకుండా రెండు మూడు అంగుళాలు జరిపి పెడితే వెనక బూజు పట్టదు, బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్నానం అయ్యాక కూడా కాసేపు తిరగనివ్వండి.

మిగిలిన పెయింట్ లీటరు వరకు మూత బిగించి నీడలో దాచండి, ఏ గదికి ఏ షేడ్ కోడో డబ్బా మీద రాసి ఫోటో తీసుకోండి. తుప్పు చుక్క కనపడగానే అక్కడికక్కడే రుద్ది ప్రైమర్, రంగు పెట్టేస్తే మొత్తం గ్రిల్ మళ్లీ వేయించే పని పడదు. ఇక బయట గోడకి మళ్లీ ఎప్పుడు వేయించాలంటే ఏళ్లు లెక్కపెట్టక్కర్లేదు, ఏడాదికోసారి అరచేత్తో గోడని గట్టిగా రాసి చూడండి. చేతికి తెల్లగా పౌడర్ అంటుకుంటే పెయింట్ పని అయిపోవస్తోందని, వచ్చే ఏడు సంక్రాంతి తర్వాతకి మేస్త్రీకి ఇప్పుడే చెప్పి ఉంచాలని.