పిండి ఎరతో రోహును పట్టడం ఎలా?

రాడ్డు, రీలు ఏవి ఉంటే అవే చాలు. 0.30 మి.మీ. నైలాన్ దారం, 8 నంబరు గాలం, నీళ్లపై తేలే ఒక బెండు, అది నిటారుగా నిలిచేంత సీసం. చెరువు మత్స్యకార సంఘం చేతిలో ఉంటే ముందు వాళ్లనడగండి. హుస్సేన్ సాగర్ ఊసెత్తకండి, ఆ నీళ్లలో పట్టింది తినేది కాదు.

బొచ్చె పై నీళ్లలో, రోహు నడిమి నీళ్లలో, మోసు అడుగున మేస్తాయి. అందుకే గాలం సగం లోతులో వేలాడేలా బెండును కట్టి మొదలుపెట్టండి.

ఇక పిండి. శామీర్‌పేట చెరువు గట్టు మీద చూసినా, ఇంకెక్కడ చూసినా జనం పాడుచేసేది దీన్నే. ఇంట్లో చపాతీ పిండిలా గట్టిగా పిసికి డబ్బాలో తెస్తారు. రోహు దవడలకు పళ్లుండవు, మేతను పీల్చుకుని గొంతులోని పళ్లతో నలుపుతుంది. గట్టిగా తగిలితే ఉమ్మేస్తుంది. బెండు అల్లాడిందని లాగితే వచ్చేది ఖాళీ గాలమే. ఒకవేళ మింగినా, గాలం మొన ఆ ముద్దలోంచి బయటికి రాదు.

పుట్నాల పిండి రెండు పాళ్లు, వేయించిన పల్లి చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) పొడి రెండు పాళ్లు, మైదా ఒక పాలు, చిటికెడు ఇంగువ. చెరువు గట్టునే, చెరువు నీళ్లతోనే కలపాలి. కుళాయి నీళ్లు వద్దంటే వద్దు. నీళ్లు ఒకేసారి పోయకండి, చిలకరిస్తూ వేళ్లతో కలపండి. తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు వదిలేయండి, చెక్క పొడి ఆలోగా ఇంకా నీళ్లు తాగుతుంది. ఆ తర్వాతే మెత్తదనం సరిచూసుకోవాలి. చాలామందికి ఈ ఇరవై నిమిషాల ఓపికే ఉండదు.

ఇప్పుడు చిన్న ఉండ చేసి గట్టు పక్కన నీళ్లలో వేసి చూడండి. పది నిమిషాల దాకా నిలిచి, అప్పుడు అంచుల నుంచి విడిపోవాలి. ముందే కరిగితే కాస్త మైదా, అప్పటికీ రాయిలా ఉంటే కొన్ని నీళ్లు కలపండి. ఈ పరీక్ష అయ్యేదాకా గాలం ముట్టుకోకండి.

స్ట్రాబెర్రీ ఎసెన్స్ పోసేవాళ్లున్నారు. అది కొనేవాళ్లను పట్టే ఎర. వానపాము గుచ్చితే జెల్లలు, పరకలు ముందే కొరికేస్తాయి.

ఉండను గాలానికి నొక్కి, మొన పైన పలచగా మాత్రమే పిండి ఉంచండి. కింది నుంచి మెల్లగా విసరండి. బెండు వణికితే ఆగండి, పక్కకు జరుగుతూ మునిగితే లాగండి. గట్టుకొచ్చిన చేపను దారం పట్టి ఎత్తకండి, పెదవి చిరిగి జారిపోతుంది. కింద చేతివల పెట్టి ఎత్తండి.