తిరగబడ్డ కాటమరాన్‌ను లేపడం ఎలా?

చిన్న కాటమరాన్, అంటే రెండు దోనెలు పక్కపక్కన కలిపిన తెరచాప పడవ, పక్కకు పడగానే అందరూ చేసే పని ఒకటే, తాడు అందుకుని లాగడం. చేతులు పడిపోయేదాకా లాగి, ఇక ఇది లేవదని తేల్చేస్తారు. లేస్తుంది. దాని ముక్కును గాలికి ఎదురుగా తిప్పలేదు, అంతే.

సామాను సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. లైఫ్ జాకెట్ జిప్పు పైదాకా ఉండాలి. పడవను లేపే తాడు మాస్ట్ (తెరచాప కొయ్య) మొదట్లో కట్టి ఉండాలి. 12 మి.మీ. మందానికి తగ్గొద్దు, అడుగుకో ముడి ఉండాలి. నున్నటి తాడే మేలనే వాళ్లు తడి చేతులతో దానికి ఒక్కసారి వేలాడి చూడాలి.

ముందు కావాలని పడేసి నేర్చుకోండి. గాలి తక్కువున్న రోజు, సాయానికి మోటారు పడవ దగ్గర్లో ఉన్నప్పుడు, మాస్ట్ కంటే లోతైన నీళ్లలో. హోబీ 16 అనే చిన్న కాటమరాన్‌కు మాస్ట్ 8 మీటర్లుంటుంది. లోతు చాలని చోట నేనొకసారి బోర్లా పడేసి, మాస్ట్ కొసన తట్టెడు బురదతో ఒడ్డుకొచ్చాను.

పడేయడం తేలికే. పెద్ద తెరచాప బిగించి, ఇద్దరూ గాలి వెళ్లే వైపు హల్ (దోనె) మీదికి జరిగితే అదే పడుతుంది. తెరచాప మీద పడకుండా నీళ్లలోకి జారండి. మాస్ట్ మీద బరువు పడితే పడవ బోర్లా పడుతుంది. ఏదో ఒక తాడు చేతిలోనే ఉంచుకోండి. పడిన పడవ గాలికి కొట్టుకుపోతుంటే దాన్ని ఈది అందుకోలేరు. తోటివాణ్ణి పేరు పెట్టి పిలిచి, పలికాకే మిగతా పని. రెండు తెరచాపల తాళ్లూ క్లీట్ల (తాడును బిగించి పట్టే పట్ల) నుంచి పూర్తిగా వదిలేయండి. లేకపోతే లేచిన పడవ మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోతుంది.

ఇప్పుడు అసలు పని. గాలి తోసిన వైపుకే పడవ పడింది కదా, మాస్ట్ గాలి వెళ్లే దిక్కుకు చాచి ఉంటుంది. రెండు హల్స్ మధ్య బిగించిన ట్రాంపోలిన్ గుడ్డ గోడలా నిలబడి గాలినంతా ఆపుతుంటుంది. ఇలా ఉండగా తాడు లాగితే పైనున్న హల్‌ను మీరు ఇటు లాగుతుంటే గాలి అటు తోస్తుంటుంది. ఈ పోటీలో గాలి అలసిపోదు.

అందుకే తాడు ముట్టుకోకుండా కింది హల్ మీద నిలబడి, మెల్లగా ముక్కు వైపు నడవండి. మీ బరువుకు ముక్కు కాస్త మునిగి, లంగరు వేసినట్టు అక్కడే ఆగుతుంది. వెనక భాగాన్ని గాలే తిప్పుతుంది. ఏమీ జరగనట్టే అనిపిస్తుంది, టెన్షన్ పడొద్దు, ఆగండి. ముక్కు వైపు ముఖం పెడితే గాలి రెండు చెవుల్లోనూ ఒకేలా వినపడాలి. ఒక చెవిలోనే హోరుమంటే ఇంకా తిరగాలి. అలా ఒకేలా వినపడ్డాకే మాస్ట్ దగ్గరికి వెనక్కి రండి.

మాస్ట్ కొసను నేరుగా గాలిలోకి పెట్టేస్తే ఇంకా సులువని కొందరు నేర్పుతారు. నిజమే, తెరచాప కింద గాలి దూరి చటుక్కున లేపుతుంది. అదే ఊపులో అవతలికీ పడేస్తుంది.

తాడును పై హల్ మీదుగా తెచ్చుకుని, కాళ్లు చాచి వెనక్కి వాలండి. వీపు నీళ్లకు జానెడు పైన ఉండాలి. నీళ్లలో మునిగిన ఒళ్లు పడవను లేపదు. కుదుపులు వద్దు, వేలాడండి చాలు. మాస్ట్ కొస బెత్తెడు లేచి ఆగిపోయినట్టుంటుంది. తెరచాప మీది నీళ్లు జారిపోతున్నాయి, అంతే. హోబీ 16 బరువు సుమారు 145 కిలోలు, మామూలుగా ఇద్దరు పెద్దవాళ్లు వేలాడితే లేస్తుంది. ఒంటరివాళ్లు నీళ్లు నింపుకునే సంచి ఉంచుకోవాలి. 20 లీటర్లు పట్టే సంచి నీళ్ల పైకి లేచిందంటే 20 కిలోల బరువు కలిసినట్టే. నడుముకు కట్టుకున్న హార్నెస్ (పట్టీ) కొక్కేన్ని తాడుకు తగిలించడం మాత్రం నేను ఒప్పుకోను. పడవ మీదికొస్తుంటే దాన్ని విప్పుకునే టైమ్ ఎక్కడిది?

మాస్ట్ సగం దాటిందంటే మిగతాది క్షణంలో అయిపోతుంది, పై హల్ మీ వైపే దిగుతుంది. రెండు హల్స్ మధ్యకు జారి, ఒక చెయ్యి తల మీద పెట్టుకుని, రెండో చేత్తో మాస్ట్ నిలబడే ముందు అడ్డపట్టీనో దాని కింది కడ్డీనో పట్టుకోండి. మీరక్కడ వేలాడితే పడవ అవతలికి పడదు, పారిపోదు. ఇద్దరూ ఎక్కి చిక్కులు విప్పేదాకా తెరచాప బిగించొద్దు.

పూర్తిగా బోర్లా పడితే తాడును అవతలి హల్ చుట్టూ తిప్పి తెచ్చుకోండి. ఇద్దరూ ఇవతలి హల్ వెనక కొసన నిలబడి, ముక్కు పైకి లేచేలా వెనక్కి వాలండి. ఇది చాలా నిదానంగా సాగే పని. పడవ పక్కకు తిరిగాక కాసేపు ఊపిరి తీసుకుని, ముక్కు వైపు నడక మొదలుపెట్టండి.