వైఫై ఆన్ చేస్తే ఆగిపోయిన మా డెమో
మేం నలుగురం కలిసి, నేలలో తేమ చూసి మోటారును దానంతటదే నడిపే పరికరం చేశాం. బల్ల మీద చక్కగా పనిచేసేది. ఫోన్‌కి రీడింగ్ పంపుదామని వైఫై ఆన్ చేస్తే మాత్రం విలువలు వచ్చేవి కావు. జడ్జీల ముందు పరికరాన్ని చూపించి వివరించే పిచ్‌కి రెండు రోజులే టైముంది, ఒకటే టెన్షన్.

సెన్సర్ మార్చాం, వైర్లు మార్చాం. లాభం లేకపోయింది. చివరికి బోర్డు డాక్యుమెంటేషన్ ముందేసుకుని కూర్చుంటే విషయం తెలిసింది. మా బోర్డు ఈఎస్‌పీ32, అంటే వైఫై ఉన్న చిన్న కంట్రోలర్. సెన్సర్ ఇచ్చే వోల్టేజీని అంకెలుగా మార్చే భాగాలు (ఏడీసీలు) అందులో రెండుంటాయి. వైఫై నడుస్తున్నప్పుడు రెండోదైన ఏడీసీ2 పిన్నుల నుంచి రీడింగ్ తీసుకోలేం. మా వైరు ఉన్నది సరిగ్గా అక్కడే, 25వ పిన్నులో! తీసి ఏడీసీ1 కిందికి వచ్చే 34లో గుచ్చి, కోడ్‌లో ఆ ఒక్క నంబరు మార్చాం. స్క్రీన్ మీద అంకెలు కదిలాయి.

రెండు పుల్లల సెన్సర్ కూడా మార్చేశాం. ఎప్పుడూ కరెంటు ఇస్తూ ఉండడంతో తడిమట్టిలో ఒక పుల్ల పూత లేచి నల్లబడింది. దాని బదులు, లోహం నేరుగా మట్టికి తగలని కెపాసిటివ్ రకం పెట్టాం.

పిచ్‌లో సర్క్యూట్ బొమ్మ తీసేసి, తడిమట్టి, పొడిమట్టి ఉన్న రెండు కుండీలు ముందుంచాం. సెన్సర్‌ను పొడిమట్టిలో గుచ్చగానే మోటారు తిరిగింది. "నెట్ లేకపోతే?" అన్నారు జడ్జీలు. నిర్ణయం బోర్డులోనే జరుగుతుంది, ఫోన్‌కి వెళ్లేది కబురు మాత్రమే అని చెప్పి, వైఫై ఆపేసి మళ్లీ చూపించాం.