బొమ్మ వంకరగా గీశాడని తెలివి తక్కువని అనుకోకండి

పిల్లల తెలివిని కొలిచే టెస్టింగ్ అయి రిపోర్ట్ చేతికొచ్చిందంటే అమ్మానాన్నల కళ్లు ముందు ఐక్యూ అంకె మీదికే పోతాయి. కాస్త ఆగి, ఆ అంకె ఏయే పనుల నుంచి వచ్చిందో చూడండి. మన దగ్గర 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకు వాడే మాలిన్ స్కేల్ అనే ఐక్యూ పరీక్షలో నోటితో జవాబు చెప్పేవి ఒక భాగం, చేత్తో చేసి చూపించేవి ఇంకో భాగం. రంగు దిమ్మలు పేర్చడం, గుర్తులు చూసి గబగబా రాయడం లాంటివాటికి టైం చూస్తారు కాబట్టి, విషయం అర్థమైనా చెయ్యి నెమ్మదిగా కదిలే పిల్లలకు అక్కడ మార్కులు పోతాయి. అందుకే రెండు భాగాల స్కోర్లూ విడిగా అడగండి. వాటి మధ్య బాగా తేడా ఉంటే మొత్తం ఐక్యూ చూసి ఏమీ తేల్చుకోవద్దు.

ఇక బొమ్మల సంగతి. చూసి గీయడానికీ తెలివికీ సంబంధం లేదని కాదు, ఉంది. లారెట్టా బెండర్ అనే మానసిక వైద్యురాలు 1938లో 9 బొమ్మలు చూసి గీసే పరీక్ష తెచ్చారు, తర్వాత కాపిట్జ్ అనే సైకాలజిస్ట్ 5 నుంచి 10 ఏళ్ల పిల్లల కోసం దానికి మార్కులు వేసే పద్ధతి తయారుచేశారు. ఆ వయసులో ఈ స్కోరు ఐక్యూతో కొంతవరకు కలిసి నడుస్తుంది, కానీ కొంతవరకే.

బొమ్మ సరిగా రాలేదంటే ఎక్కడ ఆగిందో కనుక్కోవాలి. ఆరేళ్ల బాబు ఒకడు నా ముందు డైమండ్ గీశాడు, రెండు పక్కల మూలలూ చెవుల్లా బయటికి పొడుచుకొచ్చాయి. చూసి గీయమని ఇచ్చిన బొమ్మ, నువ్వు గీసింది ఒకేలా ఉన్నాయా అని అడిగితే, 'లేవు, నాది పిల్లి తలకాయలా వచ్చింది' అన్నాడు. అంటే కన్ను చూసింది, బుర్రకు తెలిసింది, చెయ్యే ఇంకా అందుకోలేదు. డైమండ్ కుదరడానికి ఏడేళ్ల దాకా పట్టడం మామూలే, సున్నా మూడేళ్లకే వస్తుంది. తేడా అసలు కనిపించని పిల్లలకైతే ముందు కళ్ల డాక్టర్ దగ్గర చూపించండి. చూసి గీయడాన్ని కొలిచే బీరీ వీఎంఐ అనే పరీక్షలో, ఆకారాలు చూసి పోల్చుకోవడాన్ని, చేతి పట్టును విడివిడిగా కొలిచే భాగాలున్నాయి, అవీ చేశారా అని సైకాలజిస్ట్‌ను అడగండి.

టెస్ట్ రోజు కళ్లజోడు మర్చిపోవద్దు. జ్వరంగా ఉంటే ఇంకో రోజు అడగండి. దయచేసి ఆ బొమ్మలు ముందే ఇంట్లో దిద్దించకండి, అప్పుడు వచ్చిన స్కోరుకు అర్థమే ఉండదు.

చేతికి పని కావాలంటే చుక్కల ముగ్గు వేయించండి, మల్లెపూలు గుచ్చనివ్వండి, చిక్కుడుకాయల ఈనెలు తీయనివ్వండి. వీటితో ఐక్యూ పెరుగుతుందని ఆశపెట్టుకోకండి, చెయ్యి మాత్రం సాగుతుంది. ఈలోగా రిపోర్ట్ తీసుకెళ్లి టీచర్‌కు చూపించి, బోర్డు మీది పాఠం ఎక్కించుకోవడానికి కాస్త ఎక్కువ టైం ఇమ్మని, కొన్ని ప్రశ్నలు నోటితో అడగమని చెప్పండి.