ఈజిప్టు లేఖకుల పద్ధతిలో లెక్కలు చేయండి, ఎక్కాలు రాకపోయినా పర్వాలేదు

గుణకారం చేయాలంటే ఎక్కాలు బట్టీ పట్టాల్సిందే అని చిన్నప్పటి నుంచి మనకి నూరిపోశారు కదా, ప్రాచీన ఈజిప్టు లేఖకులకి ఆ అవసరమే లేదు. ఒక అంకెని రెట్టింపు చేయడం, సగం చేయడం, పదితో హెచ్చించడం, ఈ కాస్త వస్తే చాలు, ధాన్యం కొట్లు, పొలాల కొలతలు, కూలీలకి పంచే రొట్టెలు అన్నీ లెక్క తేల్చేసేవాళ్లు. క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఆహ్మెస్ అనే లేఖకుడు అంతకంటే పాత ప్రతి ఒకటి చూసి రాసుకున్న పపైరస్ (ఒక రకం మొక్కతో చేసిన కాగితం) చుట్ట మనకి దొరికింది. 1858లో అలెగ్జాండర్ రింద్ అనే ఆయన దాన్ని ఈజిప్టులోని లక్సర్‌లో కొన్నాడు కాబట్టి రింద్ పపైరస్ అంటారు, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కింద చెప్పే పద్ధతులన్నీ అందులో కనిపించేవే. పేపరు, పెన్ను తీసుకుని కూర్చోండి, చదువుతూ చేస్తేనే పట్టుబడుతుంది.

ముందు అంకెలు రాయడం. ఒకటికి ఒక నిలువు గీత. పదికి కింద తెరిచి ఉన్న చిన్న కమాను. వందకి తాడు చుట్ట, వెయ్యికి తామర పువ్వు, పదివేలకి వంచిన వేలు, లక్షకి తోకకప్ప, పది లక్షలకి చేతులు పైకెత్తి కూర్చున్న దేవుడు. ఎన్ని ఉంటే అన్ని బొమ్మలు వేయడమే. 2,035 కావాలంటే రెండు తామరలు, మూడు కమానులు, ఐదు గీతలు. వందలు లేవు కాబట్టి తాడు చుట్ట వేయరు, అంతే, ఆ ఖాళీలో సున్నా పెట్టాల్సిన పనే లేదు. (పపైరస్ మీద రోజువారీ పనికి ఇన్ని బొమ్మలు గీస్తూ కూర్చోలేరు కాబట్టి హైరాటిక్ అనే గొలుసుకట్టు లిపి వాడేవాళ్లు, ఆహ్మెస్ రాసింది కూడా అందులోనే.)

కూడిక చాలా తేలిక. 276కి 148 కలపాలంటే ఒకే రకం బొమ్మల్ని ఒకచోటికి చేర్చండి. గీతలు 14 అయ్యాయి, అందులో పది తీసేసి ఒక కమాను వేయండి. కమానులు 12 అయ్యాయి, పది తీసేసి ఒక తాడు చుట్ట వేయండి. 424.

ఇక అసలు విషయం, గుణకారం. 35ని 27తో గుణిద్దాం. రెండు నిలువు వరుసలు పెట్టుకోండి, ఎడమ పక్క 1, కుడి పక్క 35. ఇక ప్రతి వరుసలో రెండు పక్కలా రెట్టింపు చేసుకుంటూ దిగండి:

1 — 35 ✓
2 — 70 ✓
4 — 140
8 — 280 ✓
16 — 560 ✓

ఇక్కడ ఆగాలి, ఎందుకంటే తర్వాత వచ్చే 32, మనకి కావలసిన 27ని దాటిపోతుంది. ఇప్పుడు కింది నుంచి పైకి రండి: 27లో 16 తీస్తే 11, అందులో 8 తీస్తే 3, అందులో 4 పోదు కాబట్టి వదిలేయండి, 2 తీస్తే 1, ఆ 1 కూడా తీసేస్తే అయిపోయింది. టిక్కు పెట్టిన వరుసల్లో కుడి పక్కవి కూడితే 560 + 280 + 70 + 35 = 945. ఏ పూర్ణ సంఖ్యనైనా 1, 2, 4, 8, 16 వరుసలోని అంకెల్ని ఒక్కోటి ఒక్కసారే వాడి కూడికగా విడగొట్టొచ్చు, అందుకే ఈ పద్ధతి ఎప్పుడూ తప్పదు. మన కంప్యూటర్లు అంకెల్ని దాచుకునేది కూడా ఇదే సూత్రం మీద. పెద్ద అంకెని రెట్టింపు చేస్తూ చిన్నదాన్ని విడగొడితే వరుసలు తక్కువ పడతాయి.

భాగహారానికి వేరే పద్ధతి నేర్చుకోవక్కర్లేదు, ఇదే టేబుల్‌ని అటు నుంచి చదవాలి. 19ని 8తో భాగించాలంటే "8ని ఎంతతో గుణిస్తే 19 వస్తుంది" అని అడగండి. రెట్టింపు చేస్తే 16 వస్తుంది, ఇంకా 3 కావాలి, ఇక సగాలు చేసుకుంటూ వెళ్లండి:

1 — 8
2 — 16 ✓
1/2 — 4
1/4 — 2 ✓
1/8 — 1 ✓

కుడి పక్క 16 + 2 + 1 = 19, కాబట్టి జవాబు 2 + 1/4 + 1/8. ఇందులోని 1/4 + 1/8ని వాళ్లు 3/8 అని ఒక్క ముక్కగా రాయరు. 2/3కి ప్రత్యేకమైన గుర్తు ఉండేది, మిగతా భిన్నాలు దాదాపు అన్నీ పైన 1 ఉన్నవాటి కూడికగానే రాయాలి, అదీ ఒకే భిన్నం రెండుసార్లు రాకుండా. ఇదేదో వెనకబడిన పద్ధతి అని కొట్టిపారేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. 5 రొట్టెలు 8 మందికి పంచి చూడండి. 5/8 అంటే కత్తి ఎక్కడ పెట్టాలో తెలియదు, కానీ 1/2 + 1/8 అనగానే తెలిసిపోతుంది: నాలుగు రొట్టెల్ని సగాలు చేస్తే ఎనిమిది సగాలు, ఐదోదాన్ని ఎనిమిది ముక్కలు చేయాలి, ప్రతి మనిషికీ ఒక సగం, ఒక చిన్న ముక్క. అందరి చేతిలో ఒకే రకం ముక్కలు, తగాదా లేదు. ఆహ్మెస్ కూడా 10 మందికి 7 రొట్టెలు పంచే లెక్కకి 2/3 + 1/30 అనే చెప్పాడు. మన పెద్దవాళ్లు అర, పావు, అరపావు, వీసం అని సగంలో సగం లెక్కపెట్టిందీ ఇలాంటి పంపకాల కోసమే.

ఇప్పుడు రింద్ పపైరస్‌లోని 24వ లెక్క చేద్దాం. ఒక రాశికి దానిలో ఏడో వంతు కలిపితే 19 అయింది, రాశి ఎంత? ముందు రాశి 7 అనుకోండి, ఏడో వంతు తేలికగా వస్తుంది కాబట్టి. 7 + 1 = 8. కావలసింది 19. 8 ఎన్ని రెట్లయితే 19? పైన చేశాం కదా, 2 + 1/4 + 1/8. రాశి కూడా అన్ని రెట్లే పెరగాలి కాబట్టి అదే మొత్తాన్ని మనం అనుకున్న 7తో హెచ్చించాలి, మళ్లీ రెట్టింపులే:

1 — 2 + 1/4 + 1/8
2 — 4 + 1/2 + 1/4
4 — 9 + 1/2

7 = 1 + 2 + 4 కాబట్టి మూడు వరుసలూ కూడాలి: 16 + 1/2 + 1/8. దీనికి ఏడో వంతు, అంటే 2 + 1/4 + 1/8 కలిపి చూడండి, సరిగ్గా 19 వస్తుంది.

దాని తర్వాతి లెక్క మీరే చేయండి: రాశికి దాని సగం కలిపితే 16. మొదట 2 అనుకుని మొదలుపెట్టండి, 10 + 2/3 వస్తే మీకు పద్ధతి వచ్చేసినట్టే.